ఒక మొక్క, గంటకు ఒక నీళ్ళ క్యాన్: ఇంటి గాలి లెక్క

దీపావళి వెళ్ళిన ఆదివారం మా వీధి చివరి నర్సరీలో ఒకే స్నేక్ ప్లాంట్ రెండు ధరలకు కనిపించింది. నల్ల ప్లాస్టిక్ కవర్లో ఉన్నది నూట యాభై. తెల్ల పింగాణీ కుండీలో, మెడకు ‘ఎయిర్ ప్యూరిఫయర్’ అన్న పచ్చ చీటీ కట్టుకుని కూర్చున్నది ఐదు వందల యాభై. తేడా ఏమిటని అడిగాను.

‘‘ఇది నాసా వాళ్ళు చెప్పిన మొక్క మేడమ్. రాత్రిళ్ళు కూడా ఆక్సిజన్ ఇస్తది. బెడ్‌రూమ్‌లో పెట్టుకోండి.’’

‘‘మరి ఆ కవర్లోది?’’

‘‘అదీ అదే మేడమ్. కుండీ లేదంతే.’’

పాపం, అతను అబద్ధమేమీ ఆడలేదు. నాసా నిజంగానే ఆ మొక్కను పరీక్షించింది. ఆ పరీక్షకూ మన పడకగదికీ మధ్య ఎంత దూరం ఉందో మాత్రం చీటీ మీద రాయరు. చలికాలం వచ్చి పేపర్లలో ఏక్యూఐ (గాలి నాణ్యత సూచీ) అంకెలు పెరిగిన ప్రతిసారీ వాట్సాప్‌లో ‘గాలిని శుద్ధి చేసే పది మొక్కలు’ అన్న జాబితా తిరుగుతుంది. ఇంకోపక్క ‘మొక్కల వల్ల గాలికి ఏమీ ఒరగదు, శాస్త్రవేత్తలు తేల్చేశారు’ అన్న వార్తా అంతే జోరుగా తిరుగుతుంది. రెండింటికీ ఆధారాలున్నాయి. రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకున్నట్టు కనిపిస్తాయి గానీ, లెక్క వేసి చూస్తే అంత గొడవేం లేదు.

ఇంట్లో గాలి మూడు రకాలుగా చెడుతుంది

‘గాలి శుద్ధి’ అన్న ఒక్క మాటలో మూడు వేర్వేరు సంగతులను కలిపేయడం దగ్గరే తికమక మొదలవుతుంది.

మొదటిది ధూళి. కంటికి కనిపించే దుమ్ము ఎలాగూ నేల మీద పడుతుంది, తుడిస్తే పోతుంది. ఊపిరితిత్తుల లోతుకు దిగేది పీఎం 2.5, అంటే రెండున్నర మైక్రాన్లకు మించని రేణువులు. వాహనాల పొగ, చెత్త తగలబెట్టిన పొగ, ఇంట్లో అగరుబత్తి, సాంబ్రాణి, దోమల చుట్ట, మూకుడులో మాడిన నూనె ఇవన్నీ వాటిని పుట్టిస్తాయి. ఏడాది సగటున ఘనపు మీటరు గాలిలో ఇవి 5 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. మన దేశం పెట్టుకున్న హద్దు 40.

రెండోది రసాయనాల ఆవిరి. వీటిని వీఓసీలు అంటారు, మామూలు వేడికే ఆవిరై గాల్లో కలిసే కార్బన్ రసాయనాలన్న మాట. కొత్తగా చేయించిన వార్డ్‌రోబ్ తలుపు తీయగానే కళ్ళు మండించే వాసన ఉంటుంది చూడండి, అందులో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది. ప్లైవుడ్‌నూ పార్టికల్ బోర్డునూ అతికించిన జిగురులోంచి అది నెలల తరబడి వస్తూనే ఉంటుంది. ఎండకూ ఉక్కకూ ఇంకా ఎక్కువ. పెట్రోలులోనూ పొగలోనూ ఉండే బెంజీన్ మరొకటి. ఈ రెండూ క్యాన్సర్ కారకాలని రుజువైనవే.

మూడోది మనం వదిలే ఊపిరి. తలుపులు మూసిన గదిలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తెస్తుందని చాలామంది అనుకుంటారు. తేదు, గదిలో ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. బయట 420 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో అన్ని భాగాలు) చిల్లర ఉండే కార్బన్ డయాక్సైడ్, ఇద్దరు పడుకున్న ఏసీ గదిలో తెల్లారేసరికి రెండు వేలు దాటడం వింతేమీ కాదు. పొద్దున లేచేసరికి తల దిమ్ముగా ఉండడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

నాసా జాబితాలోని మొక్కలను పరీక్షించింది రెండో రకం మీద, అంటే వీఓసీల మీద. వాట్సాప్ జాబితా మాత్రం మూడింటినీ వాటికే అప్పజెబుతుంది.

నాసా పెట్టెలో జరిగింది

1973లో స్కైల్యాబ్ అనే అంతరిక్ష కేంద్రంలో గాలిని పరీక్షిస్తే వందకు పైగా రసాయనాల ఆవిరి దొరికింది. అన్ని వైపులా మూసేసిన లోహపు గది, అందులో ప్లాస్టిక్కులు, జిగుర్లు, మనుషులు. కిటికీ తీద్దామంటే అవతల శూన్యం. అప్పుడు మిసిసిపీ రాష్ట్రంలోని నాసా స్టెన్నిస్ కేంద్రంలో పనిచేసే బిల్ వోల్వర్టన్ అనే శాస్త్రవేత్త, మొక్కలతో ఈ పని అవుతుందేమో చూద్దామని దిగారు. ఆ పరిశోధనలకు అమెరికాలోని తోటపని కాంట్రాక్టర్ల సంఘం కూడా తోడైంది. 1989లో వచ్చిన నివేదికే నేటి చీటీలన్నింటికీ మూలం.

ప్రయోగం సాదాగానే ఉంటుంది. గాలి చొరబడని పారదర్శకమైన పెట్టె, అందులో కుండీతో సహా మొక్క, లోపలికి ఎక్కించిన బెంజీన్ లేదా ఫార్మాల్డిహైడ్ లేదా ట్రైక్లోరోఇథిలిన్. ఇరవై నాలుగు గంటల తర్వాత ఎంత మిగిలిందో కొలిచారు. చాలా మొక్కల విషయంలో గణనీయంగా తగ్గింది. స్నేక్ ప్లాంట్, పీస్ లిల్లీ, అగ్లోనిమా, డ్రాసీనా రకాలు అందులో ఉన్నాయి. మన దగ్గర అదే నాసా పేరు మీద అమ్మే అరెకా పామ్ మాత్రం 1989 జాబితాలో లేదు. అక్కడ పరీక్షించింది వెదురు పామ్ అనే దాని బంధువును.

ఆ నివేదికలోనే ఇంకో ముచ్చట ఉంది, దాన్ని ఎవరూ చీటీ మీద వేయరు. శుద్ధిలో పెద్ద వాటా ఆకులది కాదు. వేళ్ళ చుట్టూ మట్టిలో బతికే సూక్ష్మజీవులది. అవి ఆ రసాయనాలను తిని అరిగించుకుంటాయి. అందుకే వోల్వర్టన్ బృందం కుండీ అడుగున బొగ్గు పొర వేసి, చిన్న ఫ్యాన్ పెట్టి, గాలిని వేళ్ళ గుండా లాగే ఏర్పాటును కూడా పరీక్షించింది. ఇంట్లో మూలన కూర్చునే కుండీకి ఆ ఫ్యాన్ ఉండదు.

పెట్టెలోంచి పడకగదికి: క్యాన్ల లెక్క

2019లో అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయానికి చెందిన బ్రయాన్ కమింగ్స్, మైకేల్ వారింగ్ అనే ఇద్దరు, అప్పటిదాకా వచ్చిన 12 అధ్యయనాల్లోని 196 ప్రయోగ ఫలితాలను పోగేసి ఒకే కొలతలోకి మార్చారు. ఒక మొక్క గంటకు ఎంత గాలిని పూర్తిగా శుభ్రం చేసినట్టు లెక్క? ఎయిర్ ప్యూరిఫయర్ డబ్బా మీద సీఏడీఆర్ అని రాసే కొలత ఇదే. ఫలితాలన్నింటినీ వరుసలో పేరిస్తే మధ్యన నిలిచిన అంకె 0.023 ఘనపు మీటర్లు. అంటే 23 లీటర్లు.

మనందరి ఇళ్ళలోనూ ఇరవై లీటర్ల నీళ్ళ క్యాన్ ఉంటుంది కాబట్టి దాన్నే కొలతగా పెట్టుకుందాం. మొక్క గంటకు ఒక క్యాన్‌డు గాలిని, మీద కాస్త కొసరు కలిపి, శుభ్రం చేస్తుంది.

ముందు పెట్టెలో చూద్దాం. ఐదు వందల లీటర్ల పెట్టె అనుకోండి, అంటే పాతిక క్యాన్లు. గంటకో క్యాను చొప్పున ఇరవై నాలుగు గంటలు. శుభ్రమైన గాలి మళ్ళీ పాత గాలిలోనే కలుస్తుంది కాబట్టి మొత్తం పోదు, కానీ రసాయనంలో మూడింట రెండు వంతులు మాయమవుతుంది. ‘ఒక్క రోజులో అరవై, డెబ్బై శాతం’ అనే వార్తలు ఇలా పుట్టినవే. అందులో మోసం లేదు.

ఇప్పుడు అదే మొక్కను పది బై పన్నెండు పడకగదిలో పెడదాం. పైకప్పు పది అడుగులు. మొత్తం 1,200 ఘనపుటడుగులు, దాదాపు 34,000 లీటర్లు, అంటే 1,700 క్యాన్లు. ఒక్క సందు కూడా లేకుండా గదికి సీలు వేసినా, రోజంతా కష్టపడి ఆ మొక్క శుభ్రం చేసేది అందులో 1.6 శాతం.

పైగా గదికి ఎవరూ సీలు వేయరు. తలుపు కింద సందు, కిటికీ చట్రాల పక్కన చీలికలు, బాత్రూమ్ వెంటిలేటర్ ఉంటాయి. అన్నీ మూసినా రెండు గంటలకోసారి గది గాలి మొత్తం మారిపోతుందని అనుకుందాం. అంటే గంటకు 850 క్యాన్లు, మనం వేలు కూడా కదపకుండా. ఆ సందులతో పోటీ పడాలంటే ఈ గదిలో సుమారు 740 మొక్కలు పెట్టాలి. చదరపుటడుగుకు ఆరు. మంచం ఎక్కడ వేస్తారు?

కమింగ్స్, వారింగ్ చెప్పిందీ ఇదే. భవనంలోకి మామూలుగా వచ్చిపోయే గాలికి సమానంగా పనిచేయాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1,000 మొక్కల దాకా కావాలన్నారు. అంత పెద్ద తేడా ఎందుకంటే, మొక్కనుబట్టీ రసాయనాన్నిబట్టీ ఇంటినిబట్టీ ఫలితం మారుతుంది. అందరికంటే బాగా పనిచేసే మొక్కను తీసుకున్నా చదరపు మీటరుకు పది అంటే మన గదిలో నూట పది కుండీలు. వంద చదరపుటడుగులకు ఒక మొక్క చాలని తరచూ వినిపించే మాట ఈ లెక్క ముందు ఎక్కడా ఆనదు.

ఒప్పుకోనివాళ్ళ వాదన

మొక్కల పక్షాన మాట్లాడేవాళ్ళు చేతులెత్తేయలేదు. వాళ్ళ వాదనలో పస లేకపోలేదు కూడా.

మన దేశంలో అందరూ చూపించే ఉదాహరణ ఢిల్లీలోని పహాడ్‌పూర్ బిజినెస్ సెంటర్. దాని అధిపతి కమల్ మీటల్ 2009లో టెడ్ అనే ప్రసంగాల వేదిక మీద చేసిన ప్రసంగంతోనే అరెకా పామ్, స్నేక్ ప్లాంట్, మనీ ప్లాంట్ మన ఇళ్ళలో ‘త్రిమూర్తులు’ అయ్యాయి. మూడు వందల మంది పనిచేసే ఆ భవనంలో 1,200 మొక్కలున్నాయని ఆయన చెప్పారు. అంటే మనిషికి నాలుగు. అయితే అక్కడ మొక్కలొక్కటే లేవు, బయటి గాలిని నీటితో కడిగి వడగట్టి పంపే యంత్రాలూ ఉన్నాయి. ఘనత ఎవరిదెంతో పంచి చెప్పడం కష్టం. రెండు కుండీలు కొని టీవీ పక్కన పెట్టుకున్న మనం ఆ భవనంతో పోల్చుకోవడం మాత్రం కుదరదు.

రెండో వాదన, మొక్కను మూలన ఊరికే కూర్చోబెట్టకుండా పని చేయిస్తే? వేళ్ళ గుండా ఫ్యాన్‌తో గాలిని లాగే పచ్చటి గోడల మీద పరిశోధనలు సాగుతున్నాయి. అవి కుండీ కంటే ఎన్నో రెట్లు మెరుగు. వోల్వర్టన్ 1989లో చూపిన దారి అదే. 2018లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఇంకో అడుగు వేసి, కుందేలు కాలేయంలో విషాలను విరిచే జన్యువును మనీ ప్లాంట్‌లో పెట్టారు. మూసిన గాజు గొట్టాల్లో ఆ మొక్క మూడు రోజుల్లో క్లోరోఫామ్‌ను 82 శాతం తగ్గించింది. మామూలు మనీ ప్లాంట్ ఉన్న గొట్టంలో క్లోరోఫామ్ ఉన్నచోటే ఉంది. ఇదీ గొట్టంలో ప్రయోగమే అనుకోండి, ఇంట్లో గాలి దాని దగ్గరికి చేరాలంటే దీనికీ ఫ్యాన్ కావాల్సిందే.

రాత్రి ఆక్సిజన్, రణపాల ఆకు

2021 వేసవి తర్వాత ఆక్సిజన్ అన్న మాటకే ఒక బరువు వచ్చింది. ‘రాత్రి కూడా ఆక్సిజన్ ఇచ్చే మొక్క’ అంటే చేయి జేబులోకి దానంతటదే పోతుంది. ఈ మాట వెనుక సగం నిజముంది, ఆ సగం మాత్రం ముచ్చటైనది.

చాలా మొక్కలు పగలు ఆకు రంధ్రాలు తెరిచి కార్బన్ డయాక్సైడ్ తీసుకుంటాయి. ఎండ నేలల్లో పెరిగిన మొక్కలకు పగలు రంధ్రాలు తెరిస్తే ఒంట్లో నీరంతా ఆవిరైపోతుంది. అందుకని స్నేక్ ప్లాంట్, కలబంద, రణపాల లాంటివి రాత్రి చల్లబడ్డాక రంధ్రాలు తెరిచి, కార్బన్ డయాక్సైడ్‌ను పులుపు రూపంలో ఆకులో దాచుకుంటాయి. తెల్లారాక తలుపులు మూసుకుని, ఎండ సాయంతో ఆ పులుపును ఖర్చు పెట్టి చక్కెర వండుకుంటాయి. ఆక్సిజన్ పుట్టేది ఆ వంటలో, వెలుతురు ఉన్నప్పుడే. చీకట్లో స్నేక్ ప్లాంట్ కాస్త కార్బన్ డయాక్సైడ్ తీసుకుంటుందన్నది నిజం, ఆక్సిజన్ ఇస్తుందన్నది కాదు. తులసికి ఆ పద్ధతి కూడా లేదు, అది రాత్రి మనలాగే ఊపిరి పీల్చుకుంటుంది.

ఈ పులుపు సంగతిని తొలిసారి రాతలో పెట్టినవాడికీ మనకూ చిన్న చుట్టరికం ఉంది. ఈస్టిండియా కంపెనీ కొలువులో సామర్లకోట తోటల్లో పనిచేసిన బెంజమిన్ హెయిన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు, రణపాల ఆకు పొద్దున పుల్లగా, మధ్యాహ్నానికి చప్పగా, సాయంత్రానికి కాస్త చేదుగా ఉంటుందని ఒక ఉత్తరంలో రాశాడు. అది 1815లో లండన్‌లోని లినియన్ సొసైటీ పత్రికలో అచ్చయింది. యంత్రం లేదు, కొలత లేదు, నాలుకే ప్రయోగశాల. దాని వెనకున్న రసాయనం తేలడానికి వందేళ్ళకు పైనే పట్టింది.

సరే, ఎంత తీసుకుంటుందన్నది అసలు ప్రశ్న. మనిషి రోజుకు దాదాపు కిలో కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. అందులో కార్బన్ 270 గ్రాములు. మొక్క తీసుకున్న కార్బన్ ఎక్కడికీ పోదు, ఆకై, తీగై కనిపించాలి. మొక్క ఎండు బరువులో కార్బన్ సగానికి కొంచెం తక్కువ. కాబట్టి మీరొక్కరు వదిలిన ఊపిరిని పూర్తిగా పీల్చే మనీ ప్లాంట్ రోజుకు 600 గ్రాముల ఎండు బరువు, నీటితో కలిపి ఆరు కిలోల దాకా పెరగాలి. వారం తిరిగేసరికి తీగ హాలు దాటి లిఫ్టు దాకా పాకాలి. మా ఇంట్లోది పదిహేను రోజులకో ఆకు వేస్తే గొప్ప.

ఇదే లెక్క తిప్పి వేస్తే ఇంకో భయమూ తీరుతుంది. రాత్రి మొక్కలు వదిలే కార్బన్ డయాక్సైడ్ వల్ల పడకగదిలో పెట్టకూడదని పెద్దవాళ్ళు అంటారు. నాలుగు కుండీలు రాత్రంతా వదిలేది, పక్కన పడుకున్న మనిషి వదిలేదానిలో లెక్కకు రానంత. గురక పెట్టే భర్తను గదిలో ఉంచి మొక్కను బయట పెట్టడంలో అర్థం లేదు.

మరి కిటికీ తీస్తే చాలా?

వీఓసీలకూ కార్బన్ డయాక్సైడ్‌కూ కిటికీని మించింది లేదు. ఎదురెదురు కిటికీలు తీస్తే గది గాలి గంటలో ఎన్నోసార్లు మారిపోతుంది. చిక్కల్లా మొదటి రకంతో, పీఎం 2.5తో. బాలానగర్‌లోనో విశాఖ గాజువాకలోనో మెయిన్ రోడ్డు పక్క ఫ్లాట్‌లో కిటికీ తీస్తే వార్డ్‌రోబ్ ఆవిరి బయటికి పోతుంది, లారీ పొగ లోపలికి వస్తుంది. చలికాలం తెల్లవారుజామున నేల దగ్గరి చల్లటి గాలి మీద వెచ్చటి పొర మూతలా కూర్చుంటుంది, పొగ పైకి పోలేదు. ఎండ ఎక్కాక ఆ మూత తొలగుతుంది. ఆ నెలల్లో వాకింగ్ వేళ కంటే మధ్యాహ్నం గాలి చాలాసార్లు మెరుగ్గా ఉండేది అందుకే.

ధూళిని పట్టడంలో హెపా అనే అతి సన్నటి వడపోత ఉన్న ప్యూరిఫయర్‌కు తిరుగులేదు, గంటకు రెండు మూడు వందల ఘనపు మీటర్ల గాలిని వడగట్టేవి మామూలుగానే దొరుకుతాయి. కానీ హెపా ఆవిర్లను పట్టదు, దానికి బొగ్గు పొర వేరే ఉండాలి. కార్బన్ డయాక్సైడ్‌ను రెండూ పట్టవు. మొక్క ఆకుల మీదా ధూళి చేరుతుంది, తడిగుడ్డతో రబ్బరు మొక్క ఆకు తుడిస్తే గుడ్డ మీద బూడిదరంగు చార పడుతుంది. ఆకు మీద చేరింది బల్ల మీదా చేరుతుంది కాబట్టి, దాన్ని శుద్ధి అనాలంటే బల్లనూ ప్యూరిఫయర్ అనాలి.

మనసుకు మేలు: ఎంత వరకు?

ఇక్కడ ఆధారాలు గాలి విషయంలో కంటే కాస్త గట్టివే, కానీ వాటికీ హద్దులున్నాయి.

అందరూ ఉదహరించేది 1984లో రోజర్ ఉల్రిచ్ ‘సైన్స్’ పత్రికలో ప్రచురించిన అధ్యయనం. పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రిలో పిత్తాశయం ఆపరేషన్ అయినవాళ్ళను జతలుగా పోల్చారు. కిటికీలోంచి చెట్లు కనిపించిన 23 మంది సగటున 7.96 రోజులకు ఇంటికి వెళ్ళారు. ఇటుక గోడ కనిపించిన 23 మందికి 8.70 రోజులు పట్టింది. ఘాటైన నొప్పి మందులూ మొదటివాళ్ళకే తక్కువ అవసరమయ్యాయి. కాకపోతే అవి బయటి చెట్లు, మంచం పక్క కుండీలు కావు.

కుండీ మొక్కల మీద 2015లో కొరియా, జపాన్ పరిశోధకులు 24 మంది యువకులతో చిన్న ప్రయోగం చేశారు. ఒకసారి కుండీ మార్చే పని, ఇంకోసారి కంప్యూటర్ పని ఇచ్చారు. మట్టి పని చేసినప్పుడు డయాస్టోలిక్ రక్తపోటు (బీపీలో కింది అంకె) తగ్గింది, మనసు కుదుటపడిందని వాళ్ళే చెప్పారు. విమర్శ కూడా న్యాయమైనదే. మనుషులు కొద్దిమంది, సమయం కొద్దిసేపు. పైగా మందు బిళ్ళ పరీక్షలోలా నిజం బిళ్ళో ఉత్తి బిళ్ళో తెలియకుండా ఇవ్వడం ఇక్కడ కుదరదు, చేతిలో ఉన్నది మొక్కో కీబోర్డో ఎవరికైనా తెలుస్తుంది. కంప్యూటర్ పని కంటే వేరే ఏ పనైనా హాయిగానే ఉంటుందేమో కూడా!

తేలిగ్గా బతికేవి, వాటి మెలికలు

కడియం నర్సరీల నుంచి లారీల్లో మన ఊళ్ళకు వచ్చే వాటిలో మనీ ప్లాంట్, స్నేక్ ప్లాంట్, జీజీ ప్లాంట్ మరచిపోయినా బతికేస్తాయి. దుంపలోనో ఆకులోనో నీళ్ళు దాచుకునే రకాలు కాబట్టి స్నేక్, జీజీ మొక్కలను చంపేది దాహం కాదు, ప్రేమ. రోజూ చెంబుడు నీళ్ళు పోస్తే వేళ్ళు కుళ్ళుతాయి, మట్టి మీద తెల్ల బూజు పడుతుంది. అప్పుడు గాలి శుద్ధి సంగతి అటుంచి, ఉబ్బసం ఉన్నవాళ్ళకు అదే కొత్త బెడద. పీస్ లిల్లీ మాత్రం దాహమేస్తే ఆకులు వేలాడేసి నాటకమాడుతుంది, నీళ్ళు పోసిన గంటా రెండు గంటల్లో లేచి నిలబడుతుంది.

పీస్ లిల్లీ, మనీ ప్లాంట్, జీజీ, డిఫెన్‌బాకియా ఆకుల్లో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి. పాకే పిల్లలు నమిలితే నోరు మంట, వాపు. పచ్చి చేమదుంప కొరికితే గొంతు దురదపెట్టేదీ వీటివల్లే, ఈ నాలుగు మొక్కలూ చేమ కుటుంబానివే. స్పైడర్ ప్లాంట్, అరెకా పామ్‌లతో ఆ భయం లేదు, పిల్లులకూ కుక్కలకూ ప్రమాదం కాదు.

వంటింటి కిటికీలో సీసాలో పెట్టిన మనీ ప్లాంట్‌కు ఇంకో మెలిక ఉంది. డెంగీని మోసే ఏడిస్ దోమకు కావాల్సింది మురుగు కాదు, ఇలాంటి కదలని శుభ్రమైన నీరు. గుడ్డు నుంచి రెక్కల దోమ కావడానికి వారం పది రోజులు. మున్సిపాలిటీ వాళ్ళు శుక్రవారం ‘డ్రై డే’ అంటూ తిరుగుతూ కుండీ కింది పళ్ళేలను కూడా వంగి చూసేది అందుకే.

చివరికి నేను కవర్లో ఉన్న నూట యాభై రూపాయలదే తెచ్చాను. అమ్మ దాన్ని బాల్కనీ తలుపు పక్కన, ఉన్న మనీ ప్లాంట్ దగ్గర పెట్టింది. దోమలని, దుమ్మని మా ఇంట్లో ఆ తలుపు ఎప్పుడూ మూసే ఉండేది. ఇప్పుడు పొద్దున పది కాగానే అమ్మ మొక్కలకు ఎండ తగలాలని ఆ తలుపూ, ఎదురుగా వంటింటి కిటికీ తెరుస్తుంది. ఎండాకులు గిల్లి, పళ్ళెంలో నీళ్ళు పారబోసి, కిందింటి అత్తయ్యతో రెండు మాటలు మాట్లాడి వచ్చి మూసేసరికి ముప్పావుగంట. హాల్లో క్యాలెండర్ కాగితాలు అంతసేపూ రెపరెపలాడుతూనే ఉంటాయి.